వెన్ను, పొట్ట కండరాల సాగదీత: నడుం పట్టేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పినవన్నీ ఇంట్లో చేసుకోగలిగినవే. ఒక చాప లేదా జంపఖానా, పొడవాటి తుండు, దిండు, బూజు కర్ర ఉంటే చాలు. ఎక్కడైనా పడి నొప్పి మొదలైనవాళ్లు, కాలు మొద్దుబారుతున్నవాళ్లు మాత్రం అట్టడుగున ఉన్న ప్రశ్న చదివాకే చాప పరవండి.

నడుం రోజూ పట్టేస్తోంది. నడుమునే బాగా సాగదీస్తే పోతుంది కదా?

చాలామందికి పోదు. వెన్నులో విడివిడిగా కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుములో 5. అన్నీ ఒకే పని చేయవు. పక్కటెముకలు అతుక్కున్న ఆ 12 పూసలు మెలి తిరగడానికి పనికొస్తాయి, ఒక్కో పక్కకు 30 డిగ్రీల పైచిలుకు తిరుగుతాయి. నడుములోని ఐదూ కలిసి 10 డిగ్రీలు తిరిగితే గొప్ప. ఇక ముందుకు వంగడంలో పెద్ద వాటా తుంటి కీళ్లది.

పొద్దస్తమానం కుర్చీలోనో బండి మీదో కూర్చునేవాళ్లకు మొదట బిగుసుకునేవి వీపు పైభాగం, తుంటి. అవి మానేసిన పని నడుము నెత్తిన పడుతుంది. బండి మీద వెనక్కి తిరిగి చూడాలన్నా, కింద పడ్డ తాళంచెవి తీయాలన్నా నడుమే కదలాలి. అలా సాయంత్రానికి పట్టేసిన నడుము, కదలక బిగుసుకున్నది కాదు, తన వంతుకు మించి కదిలి అలిసిపోయింది. దాన్నే ఇంకా వంచి మెలితిప్పితే అప్పటికి హాయిగానే ఉంటుంది, గంట తిరక్కముందే మళ్లీ మొదటికొస్తుంది.

సాగదీయాల్సింది నడుముకు పైన, నడుముకు కింద. నడుముకు నేర్పాల్సింది కుదురుగా ఉండటం. కింద చెప్పే కసరత్తులన్నీ ఈ లెక్క మీదే ఎంచినవి.

కోర్ అంటే సిక్స్ ప్యాకేనా?

కాదు. పైకి కనిపించే ఆ పలకలు ఒక్క కండరానివే. కోర్ అంటే నడుము చుట్టూ ఉన్న డబ్బా అనుకోండి. మూత ఊపిరి తీసే డయాఫ్రమ్, అడుగు కటి కండరాలు, చుట్టూ గోడ పొట్ట, డొక్కల కండరాలు, వెనక పూసల వెంట నడిచే చిన్న కండరాలు. డబ్బా నలుపక్కలా సమంగా బిగిస్తేనే పూసలు కుదురుగా నిలబడతాయి. లేచి కూర్చునే సిట్-అప్‌లు రోజుకు వంద తీసేవాళ్లకు ముందు గోడ ఒక్కటే గట్టిపడుతుంది, ప్రతిసారీ నడుము ముందుకు ముడుచుకుంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు అవి మానేయడమే మేలు.

పొద్దున లేవగానే చేయొచ్చా?

చేయొచ్చు, ముందుకు వంగేవి తప్ప. రాత్రంతా పడుకున్నప్పుడు పూసల మధ్య డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనిషి సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు పైనే పొడుగుంటాడు. ఉబ్బిన డిస్కు మీద వంగితే దాని వెనక అంచు మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. నిలబడి నాలుగడుగులు తిరిగేకొద్దీ ఆ ఉబ్బు దిగుతుంది.

మన ఇళ్లల్లో చిక్కేమిటంటే, సరిగ్గా ఆ వేళకే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, నడుం వంచి ముగ్గు పెడతారు. పావుగంట మోకాళ్లు చాచి నడుము దగ్గర మడత పడి నిలబడటం కంటే నడుముకు కానిది ఇంకొకటి లేదు. ముగ్గు మానక్కర్లేదు. ముందు కాఫీ తాగి పదిహేను ఇరవై నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ తిరగండి. తర్వాత ముగ్గు దగ్గర గొంతుకూర్చోండి. మోకాళ్లు ఒప్పుకోకపోతే ఒక కాలు ముందుకు వేసి, ఆ మోకాలి మీద ఎడమ మోచెయ్యి ఆనించి, కుడి చేత్తో పిండి వదలండి. కొంతసేపయ్యాక కాలు మార్చండి. చీపురుకు పొడవాటి కర్ర కట్టించుకుంటే సగం బాధ అక్కడే తీరుతుంది.

రోజూ చేయాల్సినవి ఏవి? పద్ధతి చెప్పండి.

మొత్తం ఏడు, ఇరవై నిమిషాలు. ఈ వరుసలోనే చేయండి. మొదటిది కీళ్లు వదులవడానికి, తర్వాతి మూడు సాగదీతకు, చివరి మూడు బలానికి.

*పిల్లి-ఆవు.* చేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద ఉండేలా నాలుగు కాళ్ల మీద నిలవండి. ఊపిరి వదులుతూ వెన్నును పిల్లిలా పైకి గుండ్రం చేయండి, పీలుస్తూ ఆవులా కిందికి దించండి. నెమ్మదిగా 8 సార్లు. ఇది కీళ్లకు నూనె పెట్టడం లాంటిది, సాగదీత కాదు. అందుకే చివరిదాకా నొక్కి పట్టకూడదు.

*పుస్తకం తెరవడం.* వీపు పైభాగానికి దీన్ని మించింది లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, తల కింద దిండు. మోకాళ్లు 90 డిగ్రీలు మడిచి వాటి మధ్య మడత పెట్టిన తుండు ఇరికించండి. రెండు చేతులూ ఎదురుగా చాచి అరచేతులు కలపండి. ఇప్పుడు ఊపిరి వదులుతూ కుడి చేతిని పుస్తకం అట్ట తెరిచినట్టు పైకెత్తి వెనక్కి తీసుకెళ్లండి, చూపు చేతి వెంటే పోవాలి. రెండు ఊపిర్లు ఆగి వెనక్కి రండి. ఒక్కో పక్క 6 సార్లు. చెయ్యి నేలకు తాకాలన్న పంతం పట్టినవాళ్లకే ఇది చెడిపోతుంది. చెయ్యి దిగుతుంది, దాంతో పాటు మోకాళ్లూ విడిపోతాయి, అంటే మళ్లీ నడుమే తిరిగిందన్నమాట. తుండు జారిపడిందా, అక్కడే ఆగాలి.

*తుంటి ముందు కండరం.* సోయాస్ అనే కండరం నడుము పూసల పక్కన మొదలై తొడ ఎముక లోపలి వైపు అతుక్కుంటుంది. గంటల తరబడి కూర్చుంటే ఇది కురచబడుతుంది, లేచి నిలబడగానే నడుమును ముందుకు లాగుతుంది. కుర్చీలోంచి లేచిన మొదటి పది అడుగులు వంగి నడిచేవాళ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. కుడి మోకాలు మడత దుప్పటి మీద ఆనించి, ఎడమ పాదం ముందు పెట్టండి. ముందుకు జరక్కముందే కుడి పిరుదును గట్టిగా బిగించి, ప్యాంటు జిప్పు బొడ్డు వైపు లేచినట్టు కటిని కొంచెం పైకి తిప్పండి. చాలామందికి ఇక్కడే తొడ మొదట్లో లాగుడు తెలుస్తుంది. ఆ బిగింపు వదలకుండా రెండంగుళాలు ముందుకు జరిగి 30 సెకన్లు ఉండండి. రెండు పక్కలా రెండేసి సార్లు. బిగింపు లేకుండా ఛాతీ ముందుకు పెట్టి దూసుకుపోతే చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ, వంగేది నడుము, తుంటి ఎక్కడిదక్కడే.

*తొడ వెనక కండరం.* వెల్లకిలా పడుకుని ఒక పాదానికి తుండు తగిలించి కాలు పైకెత్తండి. రెండో కాలు మడిచి పాదం నేల మీద ఉంచండి. మోకాలు కొద్దిగా వంగి ఉన్నా ఫరవాలేదు. లాగుడు తొడ మధ్యలో తెలియాలి. మోకాలి వెనక సూదుల్లా గుచ్చినా, పిక్కలోకి జిల్లుమని పాకినా అది నరం, కండరం కాదు. వెంటనే సగానికి దించండి. 30 సెకన్లు, రెండేసి సార్లు. గుమ్మం దగ్గర పడుకుని కాలు ద్వారబంధానికి ఆనించే పద్ధతి కూడా ఉంది. పసుపు రాసిన గడప ఉన్న ఇంట్లో మాత్రం పెద్దవాళ్ల ముందు అది కుదరదు, తుండే నయం.

*డెడ్ బగ్.* వెల్లకిలా తిరగబడిన పురుగు భంగిమ. చేతులు పైకప్పు వైపు, తుంటి, మోకాళ్లు 90 డిగ్రీలు. ఊపిరి వదులుతూ కుడి చెయ్యి తల వైపుకు, ఎడమ కాలు కిందికి నాలుగు లెక్కపెట్టేంతసేపు దించి తిరిగి తేవాలి. తర్వాత రెండో జత. ఒక్కో పక్క 6. నడుము కింద అరచెయ్యి పెట్టి చూసుకోండి, కాలు దిగుతున్నప్పుడు ఆ సందు పెద్దదైతే మీ పొట్ట వదిలేసినట్టే. అప్పుడు కాలు చాచకండి, మడిచిన మోకాలితోనే మడమ నేలకు తాకించి తెచ్చుకోండి. ఊపిరి బిగబట్టి చేస్తే లెక్కలోకి రాదు.

*బర్డ్ డాగ్.* నాలుగు కాళ్ల భంగిమలో ఎదురెదురు చెయ్యీ కాలూ చాచడం. కాలు నడుము ఎత్తు దాటకూడదు, దాటితే వెన్ను వంపు తిరుగుతుంది. 8 నుంచి 10 సెకన్లు నిలిపి మార్చండి. ముందు 6, కాసేపాగి 4, ఆ తర్వాత 2. ఇలా తగ్గించుకుంటూ పోయే పద్ధతి కెనడాకు చెందిన వెన్ను నిపుణుడు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చింది. అలిసిపోయాక తప్పు భంగిమలో లాగించకుండా ఇది కాపాడుతుంది. పరీక్ష కావాలంటే త్రికాస్థి మీద, అంటే నడుముకూ పిరుదులకూ మధ్యనున్న చదును చోట, సగం నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టించుకోండి. కాలు ఎత్తగానే నీళ్లు ఒలికితే తుంటి పక్కకు ఒరుగుతోందని అర్థం.

*పక్క ప్లాంక్.* పక్కకు తిరిగి పడుకుని, మోచెయ్యి భుజం కింద ఆనించి, మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తండి. 10 సెకన్లు, ఒక్కో పక్క 4 సార్లు. నిమిషం నిలబెట్టే పందేలు ఇక్కడ అక్కర్లేదు.

ఎంత లాగాలి? నొప్పి పుడితేనే పనిచేసినట్టా?

పదికి మూడు నాలుగు పాళ్లు లాగుడు చాలు. మొహం ముడుచుకుపోయేంత లాగితే కండరం బెదిరి ఇంకా బిగుసుకుంటుంది. 30 సెకన్లు సరిపోతుంది. అరవై దాటినవాళ్లు 60 సెకన్ల దాకా పోవచ్చు. ఊపడం, గుంజడం వద్దు. మర్నాడు ఇదే వేళకు కూడా నొప్పి దిగకపోతే నిన్న చేసింది ఎక్కువైనట్టు, లెక్క సగానికి తగ్గించండి.

కాలి వేళ్లు అందుకోవడం రాకపోతే వెన్ను పాడైనట్టేనా?

కాదు. చేతులు పొట్టిగా, కాళ్లు పొడుగ్గా ఉన్నవాళ్లకు ఎంత సాధన చేసినా అందవు. ఇంకొందరు తుంటి అస్సలు కదపకుండా నడుమునే విల్లులా వంచి అందుకుంటారు. అందినందుకు వాళ్లకు సంతోషం, నడుముకు కాదు.

సూర్యనమస్కారాలు చేస్తున్నాం. చాలవా?

పన్నెండు భంగిమల్లో తుంటి, భుజాలు, వెన్ను అన్నీ కదులుతాయి. అందులో లేనిది మెలి తిరగడం. దానికి పుస్తకం తెరవడం కలుపుకోండి. తప్పులు జరిగేది రెండు చోట్ల. పాదహస్తాసనంలో మోకాళ్లు బిగబట్టి వంగడం ఒకటి. మోకాళ్లు కాస్త మడవండి, చేతులు అందకపోతే పాదాల పక్కన చెరో ఇటుక పెట్టుకోండి. భుజంగాసనంలో చేతులతో నెట్టి నడుమును కీలులా మడవడం రెండోది. బొడ్డు నేలను వదిలిందంటే ఎక్కువ లేచినట్టు. రథసప్తమి రోజున ఒక్కసారే 108 చేసి, మర్నాడు మంచం దిగలేకపోవడం ప్రతి ఏటా ఉండేదే. రోజుకు 6 చేసేవాళ్లు ఆ రోజు 20 దగ్గర ఆగితే సూర్యుడేమీ కోప్పడడు.

అలిపిరి మెట్లెక్కడం నడుముకు మంచిదేనా?

మంచిదే, అలవాటు ఉంటే. అలిపిరి దారి 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి 2388 మెట్లు, దూరం తక్కువ గానీ ఊపిరి తీసుకునే చదును కూడా తక్కువే. నడుం నొప్పి ఉన్నవాళ్లకు గాలిగోపురం తర్వాత చదును నడక దొరికే అలిపిరే సులువు.

పాదాల మండపం దగ్గర కాళ్లు చాచి నిమిషాల తరబడి సాగదీయకండి, పని మొదలెట్టబోయే కండరాన్ని మరీ మెత్తబరుస్తుంది. ఐదు నిమిషాలు నడిచి, దేన్నైనా పట్టుకుని ఒక్కో కాలు ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊపితే చాలు. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద పెట్టి మడమతో నేలను తొక్కండి, అప్పుడు పిరుదులు పనిచేస్తాయి. మునివేళ్లతో ఎక్కితే భారం పిక్కలదీ మోకాళ్లదీ. అలిసేకొద్దీ నడుము దగ్గర వంగి తొడల మీద చేతులు పెట్టి ఎక్కుతారు. మోకాళ్ల పర్వతం దగ్గర సగం మంది భంగిమ అదే. అలా వంగాల్సి వస్తే ఎక్కడం ఆపి నిటారుగా నిలబడి పది ఊపిర్లు తీసుకోవడం మేలు.

మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే మొక్కు ఉన్నవాళ్ల సంగతి వేరే. నిలబడ్డ మెట్టుకే బొట్టు పెట్టబోతే 3550 సార్లు నిండా వంగాలి. రెండు మెట్లు పైన ఉన్నదానికి పెట్టండి, వంగే లోతు సగానికి పైగా తగ్గుతుంది. ఒక కాలు పై మెట్టు మీద వేసి, ఆ తొడ మీద ఒక చెయ్యి ఆనించి పెట్టాలి. యాభై మెట్లకోసారి చెయ్యీ కాలూ మార్చండి. పసుపు ఒకరు, కుంకుమ ఒకరు పంచుకోవడం మొక్కుకు అడ్డు కాదు.

పైకి చేరగానే కూలబడకండి. ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి, మెట్టు అంచున మడమ కిందికి దించి పిక్కలు, పైన చెప్పిన పద్ధతిలో తుంటి ముందు కండరం 30 సెకన్ల చొప్పున సాగదీయండి. దిగడం కూడా నడకైతే తొడలు రెండు మూడు రోజులు పట్టేస్తాయి. బరువును ఆపుకుంటూ దిగే పనిలో కండరం ఎక్కువ దెబ్బతింటుంది. నడుం నొప్పి మనుషులు దిగడానికి బస్సెక్కండి, ఘాట్ మలుపుల్లో ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చోండి.

క్యూలో, కంపార్ట్‌మెంట్‌లో గంటలు గడపాలంటే?

ఒంటి కాలి మీద బరువేసి నిలబడటమే నడుమును తినేది. ఐదు నిమిషాలకోసారి కాలు మార్చండి, వీలైతే ఒక పాదం అడుగు కమ్మీ మీద పెట్టండి. కూర్చున్నప్పుడు అరగంటకోసారి లేచి, చేతులు నడుం మీద పెట్టి 5 సార్లు మెల్లగా వెనక్కి వాలండి.

కూర్చోవడానికి సరైన భంగిమ ఏది?

మార్చేదే సరైన భంగిమ. కర్రలా నిటారుగా రెండు గంటలు కూర్చున్నా నొప్పే. వ్రతాలకు పీట మీదో నేల మీదో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు, పిరుదుల కింద మాత్రమే నాలుగంగుళాల ఎత్తున దుప్పటి మడిచి పెట్టుకోండి. మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగుతాయి, నడుము దానంతటదే నిలుస్తుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టుల్లో బల్ల మీదికి వంగి చిన్న విడిభాగాలు అమర్చేవాళ్లకు మెడ ముందుకు పొడుచుకొస్తుంది. గడ్డం కిందికి దించకుండా వెనక్కి నెట్టి 5 సెకన్లు ఆపండి, విరామంలో 10 సార్లు. బజారులో అమ్మే భంగిమ బెల్టులు వేసుకున్నంతసేపే పనిచేస్తాయి.

బిందెలు, సిలిండర్లు ఎత్తేటప్పుడు నడుం పట్టుకుంటోంది.

బూజు కర్రతో నేర్చుకోవచ్చు. కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, రెక్కల ఎముకల మధ్య, త్రికాస్థి, ఈ మూడు చోట్లా తాకాలి. గోడకు ఒక అడుగు దూరంలో వీపు తిప్పి నిలబడి, మోకాళ్లు కొంచెం మడిచి, పిరుదులతో వెనక గోడను తాకండి. కర్ర ఒక్క చోట వదిలినా నడుము వంగినట్టే. రోజుకు 10 సార్లు, రెండు వారాలు. గ్యాస్ 14.2 కిలోలే గానీ, నిండు సిలిండర్ 30 కిలోల దరిదాపు ఉంటుంది. దాన్ని ఎత్తకండి, అంచు మీద దొర్లించండి. బిందె ఎప్పుడూ ఒకే చంకన పెట్టకండి.

వెన్ను టపటపమంటుంది. ప్రమాదమా?

నొప్పి లేకపోతే కాదు. కీలు ద్రవంలో గ్యాసు బుడగ చప్పుడది. కావాలని గంటకోసారి విరిచే అలవాటు మాత్రం మానండి, విరిగేది ఎప్పుడూ ఎక్కువ కదిలే పూసే.

డిస్కు జారిందన్నారు. కాలిలోకి లాగుతోంది. చేయొచ్చా?

నొప్పి ఎటు నడుస్తుందో చూడండి. ఒక కదలిక చేశాక కాలిలోని నొప్పి పైకి, నడుము వైపు తగ్గుతూ వస్తే, నడుములో కాస్త పెరిగినా అది మీకు సరిపడినట్టే. పిక్కలోకి, పాదంలోకి దిగితే ఆ కదలిక మానేయాలి. తుండుతో తొడ వెనక సాగదీత ఈ దశలో వద్దు, నరాన్ని రెచ్చగొడుతుంది. మంచం పట్టడమూ వద్దు, పదేసి నిమిషాల నడక రోజుకు నాలుగైదు సార్లు మేలు.

కాన్పు తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలి?

మామూలు కాన్పయితే నొప్పి లేకుండా కుదిరినప్పటి నుంచి పడుకుని నెమ్మదిగా ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి తీసుకోవడం చేయొచ్చు. ఆపరేషన్ అయితే డాక్టరు చూశాక, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మిగతావి. వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తి బొడ్డు దగ్గర వేళ్లు పెట్టండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉంటే, లేదా పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బితే ఫిజియోథెరపిస్టుకు చూపించి మొదలుపెట్టండి. బాలింతకు నడికట్టు కట్టడం ఆసరాగా బాగానే ఉంటుంది. కండరం పని మాత్రం అది చేసిపెట్టదు.

ఎముకలు గుల్లబారాయన్న పెద్దవాళ్లు?

ముందుకు గట్టిగా వంగడం, బరువుతో మెలి తిరగడం రెండూ మానాలి, పూస నలిగిపోయే ప్రమాదం ఉంది. నేల మీద పడుకుని చేయలేకపోతే గోడకు వీపు ఆనించి నిలబడి, చేతులు గోడ వెంట పైకి జరపండి, 8 సార్లు. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా లేవడం మరో 8 సార్లు.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

పట్టేసినతనం రెండు వారాల్లో సడలుతుంది. బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆదివారం గంటసేపు చేసి వారమంతా వదిలేసేవాళ్లకు రెండూ రావు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి?

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, విసర్జన పట్టు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఆ రాత్రికే ఆసుపత్రికి పోవాలి. తెల్లారాక చూద్దామనకండి, నరాలు మళ్లీ కోలుకోకపోవచ్చు. 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, చిత్తూరు వాళ్లకు జిల్లా ఆసుపత్రి.

పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా అదే రోజు చూపించాలి. పడటం వల్ల, బండి ప్రమాదం వల్ల మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎటు తిరిగి పడుకున్నా రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లకు, చాలాకాలం స్టిరాయిడ్లు వాడినవాళ్లకు కొత్తగా వచ్చిన నొప్పి ఉంటే కసరత్తు ఆపి ఆ వారంలోనే చూపించండి. వీటిలో ఏదీ లేక, ఆరు వారాలు సరిగ్గా చేసినా తగ్గనివాళ్లు ఎముకల డాక్టరు దగ్గరికి పోవచ్చు, టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఎముకలకే ప్రత్యేకం. పాత ఎక్స్‌రేలు, స్కాన్లు వెంట తీసుకెళ్లండి, ఏ కదలికకు నొప్పి ఎటు నడిచిందో ఒక కాగితం మీద రాసుకుని పొండి.